గీత మీద కట్టిమని

నిషు కుమార్ తన్నిన పెనాల్టీని లక్ష్మీకాంత్ కట్టిమని ఆపేశాడు. హైదరాబాద్ వాళ్ల కేక ఇంకా పూర్తి కాకముందే అది చెల్లదని తేలింది. బంతిని తన్నేలోపే కీపర్ గీత వదిలి ముందుకు వచ్చేశాడు కాబట్టి మళ్లీ తన్నాలి. అదే ఆటగాడు, అదే చుక్క, అదే 11 మీటర్ల దూరం. కట్టిమని వెనక్కి వెళ్లి గీత మీద నిలబడ్డాడు. నిషు మళ్లీ తన్నాడు. కట్టిమని మళ్లీ ఆపాడు.

గోల్‌కీపర్ అనగానే చాలామందికి గాల్లో అడ్డంగా తేలుతున్న మనిషి బొమ్మ కళ్ల ముందుకొస్తుంది. పేపర్లో అచ్చయ్యేదీ అదే. ఆ పనిలో నేర్పు మాత్రం చాలావరకు ఎగరకముందే అయిపోతుంది. ఎక్కడ నిలబడ్డాడు, ఎంతసేపు ఓపికపట్టాడు, ఒంటి బరువు ఏ కాలి మీద వేశాడు, ఇంతకు ముందు చెయ్యి జారిన బంతిని మనసులో ఏ మూలకు నెట్టాడు అన్నవే అతని పనితనం. 2022 మార్చి 20, ఆదివారం రాత్రి, గోవాలోని ఫతోర్దా స్టేడియంలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్‌ను నేను ఆ కళ్లతోనే చూస్తాను. హైదరాబాద్ ఎఫ్‌సీకి, కేరళ బ్లాస్టర్స్‌కు మధ్య ఆట. 90 నిమిషాల్లో 1-1. అదనపు అరగంటలో ఎవరికీ గోల్ లేదు. షూటౌట్‌లో 3-1తో హైదరాబాద్ గెలిచింది. ఒక్క ఆటలో ఒక మనిషి పనితనం కింద పడి, లేచి, నిలదొక్కుకోవడం ఇంత స్పష్టంగా కనిపించిన సందర్భాలు మన క్లబ్బు ఫుట్‌బాల్లో నాకు ఎక్కువ గుర్తులేవు.

కట్టిమని అన్న ఇంటిపేరు వినగానే మా ఉరుకుంద వైపు వాళ్లకు తుంగభద్ర అవతలి కన్నడ ఊళ్లు గుర్తొస్తాయి. ఆయన మాత్రం గోవాలో పుట్టి, గోవా మైదానాల్లోనే పెరిగిన ఆటగాడు. ఫైనల్ నాటికి 32 ఏళ్లు. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టినప్పటి నుంచీ ఆ జట్టుతోనే ఉన్నాడు. ఆ మొదటి సీజన్లో జట్టు పట్టికలో అట్టడుగున నిలిచింది. వరసగా ఓడిపోయే జట్టుకు గోల్లో నిలబడటమంటే వారం వారం వలలోంచి బంతి ఏరుకోవడమే. తర్వాతి ఏడాది స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్లను నమ్మి ఆడించాడు. రెండేళ్లలో అదే జట్టు లీగ్ పట్టికలో రెండో స్థానానికి ఎక్కింది. ముందు వరసలో నైజీరియా ఆటగాడు బార్తొలొమ్యూ ఒగ్బెచే ఆ సీజన్లో 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ అందుకున్నాడు.

ఆ రాత్రి రంగుల సంగతి కూడా చెప్పాలి. రెండు జట్లదీ పసుపు రంగే. పట్టికలో పైన ఉన్నందున హైదరాబాద్ పసుపు జెర్సీ వేసుకుంది. కేరళ వాళ్లు నలుపు, నీలం కలిసిన జెర్సీలో దిగారు. కరోనా వల్ల రెండు సీజన్లు ఖాళీ గ్యాలరీల ముందే నడిచిన లీగ్‌లో ఫైనల్‌కు ప్రేక్షకుల్ని రానిచ్చారు. కేరళ అభిమానులు తమ పసుపు విడవకుండా తరలివచ్చారు. దాంతో మైదానంలో పసుపు హైదరాబాద్‌ది, గ్యాలరీల్లో పసుపు కేరళది అయింది. కట్టిమని ముందు తన జట్టు రంగు, చుట్టూ అదే రంగు వేసుకుని ఎదుటి జట్టుకు అరిచే జనం.

మొదటి సగంలో కేరళదే పైచేయి. స్పెయిన్ ఆటగాడు ఆల్వారో వాస్కెజ్ కొట్టిన బంతి పైకమ్మీకి తగిలి బయటపడింది. కమ్మీ కాపాడిన బంతికి కీపర్‌ను పొగడాల్సింది లేదు, తిట్టాల్సిందీ లేదు.

68వ నిమిషం మాత్రం నెమ్మదిగా చూడాల్సింది. కేరళ ఆటగాడు రాహుల్ కేపీ దూరం నుంచి కొట్టాడు. కట్టిమని సరైన చోటే ఉన్నాడు. చేతులు బంతిని అందుకున్నాయి కూడా. అయినా బంతి ఆగలేదు, చేతుల్ని దాటి వలలో పడింది. కీపర్‌కు ఇంతకన్నా చేదు గోల్ ఉండదు. అందని మూలకు వెళ్లిన బంతికి ఎవరూ నిలదీయరు. చేతికి తగిలి లోపలికి పోయిన బంతిని మాత్రం జనం ఏళ్ల తరబడి గుర్తుంచుకుంటారు. పని తెలిసినవాళ్లు దీన్ని ఇంకో వైపు నుంచి చూస్తారు. దూరం నుంచి వేగంగా వచ్చే బంతిని పట్టుకోవాలా, నెట్టేయాలా అన్నది కీపర్ రెప్పపాటులో తేల్చుకోవాలి. పట్టుకోవాలంటే వేళ్లు మెత్తగా ఉండాలి, రెండు బొటనవేళ్లు దగ్గరగా చేరి బంతి వెనక గోడలా నిలవాలి. నెట్టేయాలంటే మణికట్టు బిగియాలి, అరచేతి మడమతో బంతిని గోల్‌స్తంభం పక్కకు మళ్లించాలి. చెయ్యి ఈ రెంటి మధ్య ఎక్కడో ఒక్క క్షణం తటపటాయిస్తే చాలు, బంతి దారి వెతుక్కుంటుంది. చేతులు చోటు తప్పలేదు, బిగువు తప్పింది. ఆ రెండింటినీ విడదీసి చూడకపోతే కీపర్ పని మనకెప్పటికీ అర్థం కాదు.

ఎమ్మిగనూరులో గుంటమగ్గం మీద పనిచేసే నేతగాడు పోగు తెగితే చేసేదేమిటో మా వైపు అందరూ చూసినదే. తెగిన పోగును వేళ్ల మధ్య వెతికి పట్టి, ముడివేసి, నాడెను మళ్లీ విసురుతాడు. తెగిన చోటును చూస్తూ కూర్చుంటే చీర పూర్తికాదు. ఆ గోల్ తర్వాత కట్టిమని మిగతా 52 నిమిషాలూ అలాగే ఆడాడు. కీపర్లకు తప్పు తర్వాత రెండు రోగాలు వస్తుంటాయి. ఒకరు భయపడి గీతకు అతుక్కుపోతారు. ఇంకొకరు పరువు నిలబెట్టుకోవాలని అక్కర్లేని బంతికి కూడా పరుగెడతారు. కట్టిమనికి ఆ రెండూ అంటలేదు. రెండో గోల్ పడనివ్వలేదు. పడి ఉంటే తర్వాతి కథ ఏదీ లేదు.

ఆ మనిషికి అదే మైదానంలో అంతకన్నా పెద్ద గాయం ఒకటి ముందే ఉంది. 2015 డిసెంబర్ 20, ఇదే ఫతోర్దా, ఇదే లీగ్ ఫైనల్. అప్పుడు ఆయన ఎఫ్‌సీ గోవా కీపర్, ఎదురుగా చెన్నయిన్ ఎఫ్‌సీ. 87వ నిమిషంలో గోవా 2-1తో ముందుకెళ్లింది. ఊరంతా కప్పు తమదే అనుకుంది. 90వ నిమిషంలో బంతి కట్టిమనికి తగిలి గోల్లో పడింది. లెక్కల్లో అది ఆయన పేరు మీదే సొంత గోల్‌గా నమోదైంది. మరో రెండు నిమిషాలకు మెందోజా కొట్టిన గోల్‌తో చెన్నయిన్ 3-2తో కప్పు ఎత్తుకుపోయింది. సొంత ఊరి జనం ముందు, సొంత పేరు మీద రాసిన గోల్‌తో ఫైనల్ చేజారితే చాలామంది ఆటకే దూరమవుతారు. ఆరేళ్ల తర్వాత అదే గడ్డి మీద, అదే ఫైనల్లో, చేతుల్లోంచి జారిన బంతితో మళ్లీ వెనకబడినప్పుడు ఆయన తలలో ఏం తిరిగిందో మనం ఊహించలేం. కాళ్లు మాత్రం తమ పని మర్చిపోలేదు.

ఆయన్ని ఆ గుంతలోంచి పైకి లాగినవాడు సాహిల్ తవోరా. అతనూ గోవా కుర్రాడే, బెంచి మీద నుంచి వచ్చాడు. 88వ నిమిషంలో బంతి పెనాల్టీ బాక్సు బయట అతని ముందుకు వచ్చింది. అతను ఆపుకోలేదు. ఆపుకుంటే ఇద్దరు మీద పడేవాళ్లు. నేలకు దిగనివ్వకుండా వాలీ కొట్టాడు. కేరళ కీపర్ ప్రభ్‌సుఖన్ గిల్ దూకినా ఫలితం లేకపోయింది. వాలీ చూడ్డానికి బలప్రదర్శనలా ఉంటుంది కానీ అది అణకువతో చేసే పని. కాలు ఎక్కువ వెనక్కి తీస్తే బంతి గ్యాలరీలోకి పోతుంది. ఛాతీ బంతి మీదికి వంగాలి, చీలమండ బిగిసి ఉండాలి, తొడ తిరగాలి, పాదం బంతి మధ్యకు తగలాలి. వేలెడు కిందికి తగిలినా గాల్లోకి లేస్తుంది. ఫైనల్ ముగియడానికి రెండు నిమిషాలు ఉండగా ఇవన్నీ ఒకేసారి కుదిరాయి. ఆ ఒక్క గోల్ మీదే వేరే వ్యాసం రాయొచ్చు.

మా ఆదోని, ఎమ్మిగనూరు, కౌతాళం చుట్టుపక్కల పిల్లలు ఆడేది క్రికెట్, కబడ్డీ, వాలీబాల్. సంక్రాంతి రోజుల్లో నీలకంఠేశ్వరుడి జాతరకు ఎద్దుల బండలాగుడు చూడ్డానికి జనం విరగబడతారు. ఫుట్‌బాల్ అరుదు. పక్క జిల్లా అనంతపురానికి వెళ్తే ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల క్రీడాగ్రామంలో ఆ ఆట పద్ధతిగా నేర్పుతారు. ఇక్కడ ఎప్పుడైనా బంతి దొరికి నాలుగు రాళ్లు పెట్టి ఆడినా, ఆట రానివాడినో, పరుగెత్తలేనివాడినో గోల్లో నిలబెడతారు. నాకు ఈ అలవాటు మీద కోపం. గోల్లో నిలబడటం ఒక విద్య. ఆ విద్య ఎంత లోతైందో తెలియాలంటే షూటౌట్ కన్నా మంచి పాఠం లేదు. ఎందుకంటే అక్కడ మిగతా ఆటంతా ఆగిపోతుంది. ఒక బంతి, ఒక తన్నేవాడు, ఒక కాచేవాడు మాత్రమే మిగులుతారు.

లెక్క చూద్దాం. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. నడిమధ్య నిలబడ్డ కీపర్‌కు ఒక్కో స్తంభం 3.66 మీటర్ల దూరం. బంతి గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వస్తే 11 మీటర్లు దాటడానికి సెకనులో సగం కూడా పట్టదు. కంటికి కనిపించింది కండరానికి అందడానికే అందులో దాదాపు సగం ఖర్చవుతుంది. మిగిలిన కాలంలో మూలకు చేరడం మనిషికి సాధ్యం కాదు. అందుకే కీపర్ బంతిని చూసి దూకడు. తన్నేవాడిని చదివి దూకుతాడు. పరుగు ఏ కోణంలో మొదలైంది, బంతి పక్కన ఆనించే కాలి వేలు ఎటు చూస్తోంది, నడుము తెరుచుకుందా మూసుకుందా అన్నవే అతనికి అక్షరాలు. ముందే దూకేస్తే తన్నేవాడు చూసి రెండో పక్కకు కొడతాడు. ఆలస్యమైతే బంతి దాటిపోతుంది. ఈ రెంటి మధ్య ఉన్న చోటు చాలా ఇరుకు. ఆ ఇరుకులోనే కట్టిమని ఆ రాత్రి బతికాడు.

దానికి తోడు నియమం ఒకటుంది. కీపర్ గీత మీదే ఉండాలన్న పాత నియమాన్ని 2019లో కొంత సడలించారు. ఆ ఫైనల్ నాటి నియమం ప్రకారం, బంతిని తన్నే క్షణానికి కనీసం ఒక పాదంలో కొంత భాగమైనా గీతను తాకుతూ ఉండాలి, లేదా గాల్లో ఉన్నా గీతకు సూటిగా ఉండాలి. అంటే ఒక కాలు ముందుకు వేయొచ్చు, రెండోది మాత్రం గీత దాటకూడదు. ముందుకు ఒక అడుగు వేస్తే కోణం తగ్గుతుంది, మూల దగ్గరవుతుంది. ప్రతి కీపర్‌కూ ఆ అడుగు మీద ఆశ ఉంటుంది. వెనక కాలు ఎంతవరకు ఆగగలిగితే అంత వరకే ఆ ఆశ చెల్లుతుంది.

కేరళ తరఫున మొదట తన్నింది క్రొయేషియా ఆటగాడు మార్కో లెస్కోవిచ్. కట్టిమని ఆపాడు. హైదరాబాద్ కెప్టెన్ జోవో విక్టర్ గోల్ చేశాడు. తర్వాత నిషు కుమార్ వచ్చాడు.

మూడు సేవ్‌లలో నాకు నిషు మీద చేసిందే గొప్పదనిపిస్తుంది. మొదటిసారి ఆపినప్పుడు కట్టిమని దగ్గర దొంగిలించిన అడుగు ఉంది. రెండోసారి అది లేదు. గీత దగ్గర నిలబడ్డ సహాయ రిఫరీ కన్ను ఇప్పుడు తన పాదం మీదే ఉంటుందని తెలుసు. ఇంకోసారి ముందుకొస్తే కార్డు చూపిస్తారు. అంటే ఇందాక పనిచేసిన కిటుకును వదిలేసి, అదే పనిని తక్కువ సరంజామాతో చేయాలి. మరో పక్క నిషు మనసు. అదే పక్కకు కొట్టాలా, మార్చాలా? కీపర్ కూడా అదే లెక్క వేస్తుంటాడని అతనికీ తెలుసు. ఇలాంటి చోట తన్నేవాడికే రెండో అవకాశం దొరికింది కాబట్టి బలం అతని వైపే ఉంటుందని అందరూ అనుకుంటారు. కానీ ఆపిన చేతులు ఎవరివో ఇద్దరికీ గుర్తుంది. కాలు ఆగింది, కళ్లు చదివాయి, చేతులు చేరాయి. ఈసారి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. రికార్డుల్లో ఆ రాత్రి ఆయన ఆపినవి మూడని ఉంటుంది. కొట్టేసిన దాంతో కలిపితే ఆ చేతులు ఆపినవి నాలుగు.

తర్వాత హైదరాబాద్ వైపు హావియెర్ సివేరియో తప్పాడు. కేరళకు ఆయుష్ అధికారి గోల్ చేశాడు. లెక్క మళ్లీ దగ్గరైంది. ఖాసా కమారా తడబడకుండా కొట్టి హైదరాబాద్‌ను 2-1తో ముందుంచాడు. ఇప్పుడు జీక్సన్ సింగ్ వంతు. ఫిఫా వరల్డ్ కప్ వేదిక మీద భారత్ తరఫున మొదటి గోల్ చేసిన కుర్రాడు, 2017లో ఢిల్లీలో అండర్-17 పోటీల్లో కొలంబియా మీద. పెద్ద వేదిక అతనికి కొత్త కాదు. కట్టిమని అతని బంతినీ ఆపాడు. వెంటనే హలిచరణ్ నార్జారీ వచ్చి గోల్ చేశాడు. ఐదో కిక్కుల దాకా పోనవసరం లేకుండా ఆట ముగిసింది. 2014, 2016 ఫైనల్స్ పోగొట్టుకున్న కేరళకు ఇది మూడో ఓటమి. ఆ సీజన్లో ఉత్తమ కీపర్‌కిచ్చే గోల్డెన్ గ్లవ్ మాత్రం ఓడిన జట్టు కీపర్ గిల్‌కు దక్కింది. సీజన్ మొత్తంగా చూస్తే అతనికి రావలసిందే. నేను మాట్లాడుతున్నది ఒక్క రాత్రి పని గురించి.

ఒకే షూటౌట్‌లో మూడు కిక్కులు ఆపడం ప్రపంచంలో కూడా చిన్న విషయం కాదు. 1986 మే 7న సెవిల్‌లో జరిగిన యూరోపియన్ కప్ ఫైనల్లో రుమేనియా క్లబ్బు స్తావా కీపర్ హెల్మూత్ డుకాడమ్ బార్సిలోనా వాళ్ల నాలుగు కిక్కులనూ ఆపాడు. ఆ పనికి అది శిఖరం. 2017లో కజాన్‌లో జరిగిన కాన్ఫెడరేషన్స్ కప్ సెమీఫైనల్లో చిలీ కెప్టెన్ క్లాడియో బ్రావో పోర్చుగల్ మొదటి మూడు కిక్కులనూ వరసగా ఆపి 3-0తో గెలిపించాడు.  కట్టిమనికి ఆ స్థాయి పేరు లేదు, ఆ స్థాయి వేదికా కాదు. పని మాత్రం ఆ కుదురుదే.

హైదరాబాద్‌కు ఈ పని కొత్త కాదని కూడా గుర్తుచేయాలి. 1935లో హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్ మొదట సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడి, తర్వాత కీపర్‌గా మారి, ఆసియాలోనే మేటి అనిపించుకున్నాడు. 1962 సెప్టెంబర్ 4న జకార్తాలో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన ఆటలో గోల్లో నిలిచింది ఆయనే. ఆ జట్టును దిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాద్‌లో బడిపంతులు. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ గెలిచింది, 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ తెచ్చింది. బలహీనమైన కాలితోనే ఆడాలని షరతు పెట్టి పోటీలు నడిపిన గురువు ఆయన. ఆటను పుట్టుకతో వచ్చే వరంగా చూడకుండా, రోజూ సానపెట్టే పనిగా చూసిన కన్ను అది. ఆ కన్నుతో చూస్తే కట్టిమని పాదం కూడా అర్థమవుతుంది.

హైదరాబాద్ ఎఫ్‌సీ ఎక్కువ కాలం నిలవలేదు. తర్వాతి సీజన్ సెమీఫైనల్లో మోహన్ బగాన్ చేతిలో షూటౌట్‌లోనే ఓడింది. ఆపైన ఆటగాళ్లు చెదిరిపోయారు. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలి పేరు మార్చుకుంది. గచ్చిబౌలిలో ఆ జట్టును చూసి అరిచిన పిల్లలకు ఇది పెద్ద నష్టం, నాకు బాధ కూడా.

మా వైపు ఎవరైనా పిల్లవాడు గోల్లో నిలబడాలనుకుంటే నేను చెప్పేది ఇదే. నేల మీద సున్నంతో 24 అడుగుల గీత గీయండి. మధ్య నుంచి 12 గజాలు కొలిచి చుక్క పెట్టండి. ఒక స్నేహితుణ్ని తన్నమనండి, ఇంకొకణ్ని గీత పక్కన కూర్చోబెట్టి మీ వెనక కాలిని మాత్రమే చూడమనండి. మొదట్లో బంతి ఆగిందా లేదా లెక్కపెట్టొద్దు. తన్నేవరకు ఆ కాలు గీత మీద ఉందా లేదా అన్నదే రాసుకోండి.